క్రూక్స్ ‘గోధుమ సమస్య’: నేటి దృష్టితో ఒక విమర్శ

సర్ విలియమ్ క్రూక్స్ పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులకు కొత్తది కాదు. ఋణధ్రువ కిరణాలను గురించిన పాఠంలో, గాలి తీసివేసిన గాజునాళిక బొమ్మ వద్ద ఆ పేరు కనబడుతుంది. 1861లో థాలియం అనే మూలకాన్ని కనుగొన్నవారు కూడా ఆయనే. అయితే 1898 సెప్టెంబరులో, బ్రిస్టల్ నగరంలో బ్రిటిష్ అసోసియేషన్ మహాసభకు అధ్యక్షత వహించి ఆయన చేసిన ప్రసంగాన్ని ఎరిగినవారు మనలో కొద్దిమందే. ఆ ప్రసంగం మరుసటి సంవత్సరం ‘గోధుమ సమస్య’ అనే పేరుతో పుస్తకరూపంలో వెలువడినది.

ఇంత పాత పుస్తకాన్ని ఇప్పుడు విమర్శకు తీసుకోవడానికి కారణం ఉన్నది. బొగ్గు, చమురు, సహజవాయువుల అవసరం లేకుండా నత్రజని ఎరువును తయారుచేయడం ఎలాగన్న ప్రశ్న నేడు అన్ని దేశాలలోను వినవస్తున్నది. సూర్యరశ్మితోను, గాలిమరలతోను పుట్టించిన విద్యుత్తుతో చేసే అమోనియాకు ‘హరిత అమోనియా’ అని పేరు పెట్టి, దానిని సరికొత్త ఆలోచనగా పత్రికలు వర్ణిస్తున్నవి. నిజానికి గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చాలన్న తొలి పెద్ద పథకంలో బొగ్గుకు చోటే లేదు. క్రూక్స్ ఆశ పెట్టుకున్నది బొగ్గుగనుల మీద కాదు, జలపాతాల మీద. ఆయన చెప్పినదానిలో ఏది నిలిచినది, ఏది నిలవలేదు అని విచారిస్తే, నేటి పథకాలను తూచడానికి మనకొక తక్కెడ దొరుకుతుంది.

ప్రసంగ సారాంశం

క్రూక్స్ వాదం గణితంతో మొదలవుతుంది. గోధుమరొట్టె తినేవారు లోకంలో 51 కోట్ల 65 లక్షలమంది ఉన్నారని ఆయన లెక్క. వారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. గోధుమ పండించే కొత్త నేలలు మాత్రం తరిగిపోతున్నవి. 1931 నాటికి గోధుమకు యోగ్యమైన భూములన్నీ సాగులోకి వచ్చి, ఆపైన కరువు తప్పదని ఆయన హెచ్చరించారు. భూమిని పెంచలేనప్పుడు దిగుబడిని పెంచాలి. ఎకరానికి సగటున 12.7 బుషెళ్లు పండుతున్నచోట 20 బుషెళ్లు పండించాలంటే, ఏటా 1 కోటి 20 లక్షల టన్నుల సోడియం నైట్రేటు కావాలని లెక్క కట్టారు. నాటికి ఆ ఎరువు ముఖ్యంగా చిలీ దేశపు ఎడారినుండి త్రవ్వి తెచ్చినదే. ఆ నిక్షేపం ఎన్నాళ్లో నిలిచేది కాదు.

అందువల్ల తరగని గని ఒక్కటే, అది మన తలలపైనున్న గాలి అని క్రూక్స్ నిశ్చయించారు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే. కాని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకుని ఉంటవి. ఆ ముడి విప్పి, ఆ పరమాణువులను మరొక మూలకంతో కలిపితేగాని పైరుకు అది ఆహారం కాదు. ఈ పనినే నత్రజని స్థిరీకరణం అంటారు. బలమైన విద్యుచ్చాపంలో గాలి మండి నత్రజని ఆక్సైడులు పుట్టడాన్ని క్రూక్స్ 1892లోనే ప్రదర్శించి చూపారు. ఆ పనినే పెద్ద ఎత్తున చేస్తే సరిపోతుందని ఆయన ఊహ.

ఇక్కడ ఆయన చేసిన మరొక లెక్క ఈ ప్రసంగానికి ప్రాణం వంటిది. ఆవిరి యంత్రంతో పుట్టించిన విద్యుత్తు వాడితే టన్ను నైట్రేటుకు 26 పౌనులు ఖర్చవుతుంది. ఆ ధరకు ఎవరూ కొనరు. అదే నయాగరా జలపాతం వద్ద యూనిట్టు విద్యుత్తు పెన్నీలో పదిహేడవ వంతుకే దొరుకుతుంది గనుక, అక్కడ టన్నుకు 5 పౌనులు మించదు. చూడండి: రసాయన చర్య మారలేదు, యంత్రం మారలేదు. విద్యుత్తు ధర మారగానే అసాధ్యం సాధ్యమైనది. నత్రజని ఎరువు సమస్య అంతిమంగా శక్తి ధరకు సంబంధించినదన్న ఈ గ్రహింపు క్రూక్స్ చూపిన గొప్ప దూరదృష్టి. అది నేటికీ చెక్కుచెదరలేదు.

జోస్యం ఏమైనది?

1931 వచ్చినది. గోధుమకు కరువు రాలేదు సరికదా, కొనేవారు లేక ధర పడిపోయి రైతులు దివాలా తీసే స్థితి ఏర్పడినది. కెనడా, అర్జెంటైనా, ఆస్ట్రేలియా దేశాలలో, పనికిరావనుకున్న నేలలు సాగులోకి వచ్చినవి. చలిదేశాలలో త్వరగా పంటకు వచ్చే కొత్త వంగడాలు పుట్టినవి. ట్రాక్టరు వచ్చినది. వీటిలో దేనినీ క్రూక్స్ లెక్కలోకి తీసుకోలేదు. ఉన్న భూమి ఇంతేనని ముందుగా గీత గీసి, ఆ గీతను సత్యంగా భావించడం ఆయన గణితంలోని లోపం. జనాభాను, భూమిని గురించి జోస్యాలు చెప్పేవారందరికీ ఇది హెచ్చరిక.

అయితే జోస్యం తప్పినంతమాత్రాన వాదమంతా తప్పని అనరాదు. ఆ గడువు నాటికి కాకపోయినా, ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జనాభా ఎన్నో రెట్లు పెరిగినప్పుడు, లోకానికి అన్నం పెట్టినవాటిలో కృత్రిమ నత్రజని ఎరువు ముఖ్యమైనది. నేడు భూమిపైనున్న మనుషులలో దాదాపు సగంమంది ఆహారం ఈ ఎరువుపై ఆధారపడి ఉన్నదని శాస్త్రజ్ఞుల అంచనా.

మూలం సరియైనది, మార్గం కాదు

ఇక సాంకేతిక విషయానికి వద్దాం. క్రూక్స్ ఊహను మొదట పరీక్షించినది నయాగరా తీరమే. 1902లో అక్కడ స్థాపించిన కార్ఖానా రెండేళ్లలో మూతపడినది. ఆ తరువాత నార్వే దేశంలో బిర్కెలాండ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, ఐడె అనే ఇంజనీరు కలిసి, విద్యుచ్చాపాన్ని అయస్కాంతంతో పళ్లెంవలె పరచి, 1905లో నోటొడెన్ వద్ద ఎరువు తయారీ ప్రారంభించారు. 1911లో ర్యూకన్ వద్ద మరింత పెద్ద కార్ఖానా వెలసినది. అంతా జలవిద్యుత్తే. క్రూక్స్ కల నిజమైనదనే అందరూ అనుకున్నారు.

కాని ఆ పద్ధతిలో తీరని లోటు ఒకటి ఉన్నది. నత్రజని, ఆమ్లజనితో కలవాలంటే వేడిని పీల్చుకుంటుంది. మూడువేల డిగ్రీల వేడిలో కూడా గాలిలో రెండు శాతమో, అంతకు కొంచెం అటూ ఇటూగానో మాత్రమే ఆక్సైడుగా మారుతుంది. తక్కిన గాలిని ఊరకే కాచి విడిచిపెట్టినట్లే. టన్ను నత్రికామ్లానికి సుమారు 15,000 యూనిట్ల విద్యుత్తు ఖర్చయ్యేది. అనగా కిలో నత్రజనికి 60 యూనిట్లకు పైమాటే. జలపాతం పక్కన ఉన్నా భరించలేని దుబారా ఇది.

ఇంతలో జర్మనీ దేశంలో మరొక మార్గం తెరుచుకున్నది. 1909 జులైలో ఫ్రిట్జ్ హేబర్, నత్రజనిని ఉదజనితో అధిక పీడనంలో ఉత్ప్రేరకం మీద కలిపి అమోనియా బొట్లుబొట్లుగా రావడం చూపారు. కార్ల్ బాష్ దానిని 1913లో ఓపౌ వద్ద పరిశ్రమగా నిలబెట్టారు. ఈ చర్య వేడిని పీల్చుకోదు, విడుస్తుంది. అందువల్ల విద్యుచ్చాపం దీనితో పోటీపడలేకపోయినది. క్రూక్స్ కరువు వస్తుందన్న 1931లోనే, అధిక పీడన పద్ధతులకుగాను బాష్‌కు నోబెల్ బహుమానం లభించడం చిత్రమైన విషయం.

ఈ విజయం వెంటనే ఒక చిక్కు కూడా వచ్చినది. పాఠశాలలో మనం ఒక నత్రజని అణువు, మూడు ఉదజని అణువులు కలిసి రెండు అమోనియా అణువులవుతవని వ్రాయిస్తాము. సమీకరణం సమతుల్యమైనది, విద్యార్థికి మార్కులు వచ్చినవి. కాని ఆ మూడు ఉదజని అణువులు ఎక్కడనుండి వచ్చినవని మనం అడగము. ఓపౌలో అవి నీటి ఆవిరిని ఎర్రగా కాలిన కోకు బొగ్గుమీదుగా పంపగా వచ్చినవి. నేడు ఎక్కువచోట్ల సహజవాయువునుండి వస్తున్నవి. సహజవాయువుతో టన్ను అమోనియా చేస్తే ఒకటిన్నర టన్నులకు పైగా, బొగ్గుతో చేస్తే దానికి దాదాపు రెట్టింపు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. సమీకరణంలో కనబడని పొగ అది. మన రామగుండం కార్ఖానా కథలోనూ ఇదే కనబడుతుంది. 1980లో బొగ్గుతో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడి, 2021లో సహజవాయువుతో తిరిగి ప్రారంభమైనది.

ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే ఒక విషయం తేటపడుతుంది. క్రూక్స్‌కు శక్తిమూలం సరిగా దొరికినది, మార్గం తప్పినది. హేబర్‌కు, బాష్‌కు మార్గం దొరికినది, మూలం మాత్రం గనిలోనే మిగిలినది. క్రూక్స్ మూలాన్ని హేబర్ మార్గంతో జతపరచడమే హరిత అమోనియా. నీటిని విద్యుత్తుతో విశ్లేషించి ఉదజనిని తీసి, దానిని గాలిలోని నత్రజనితో కలపడం. ఇంతకుమించి అందులో రహస్యమేమీ లేదు.

ఇది ఇదివరకే జరిగినది

ఈ జతకూర్పు కూడా కొత్తది కాదు. నార్వేలోని ర్యూకన్ కార్ఖానా 1920ల చివరలో విద్యుచ్చాపాన్ని వదలి, నీటినుండి తీసిన ఉదజనితో అమోనియా చేయనారంభించినది. మన దేశంలో భాక్రా జలవిద్యుత్తు ఆధారంగా, పంజాబులోని నంగల్ వద్ద ఇటువంటి కార్ఖానా 1961లో ఉత్పత్తి ప్రారంభించినది. అక్కడ చేసిన ఎరువు కాల్షియం అమ్మోనియం నైట్రేటు. ఈజిప్టులో అస్వాన్ వద్ద 1960లోను, తరువాత జింబాబ్వేలో క్వేక్వే వద్దను ఇదే పద్ధతి నడిచినది. నంగల్ కార్ఖానా 1978లో చమురును ఆశ్రయించి, 2013లో సహజవాయువుకు మారినది. అస్వాన్ కార్ఖానా 2020 ప్రాంతంలో సహజవాయువుకు మారినది. క్వేక్వేలో నీటి విశ్లేషణ 2015లో ఆగిపోయినది.

ఇవి ఎందుకు ఆగినవి? రసాయనశాస్త్రం విఫలమై కాదు. నగరాలు పెరిగి, పరిశ్రమలు పెరిగి, ఆ విద్యుత్తును అంతకంటె ఎక్కువ ధరకు కొనేవారు వచ్చినారు. సహజవాయువు చౌకగా దొరికినది. క్రూక్స్ వేసిన పెన్నీ లెక్కే ఈ కార్ఖానాలను నిలిపినది, ఆ లెక్కే వాటిని కూల్చినది. హరిత అమోనియాను ఇప్పుడే కనిపెట్టినట్లు వ్రాసేవారు ఈ చరిత్రను దాటవేయడం పెద్ద లోపం. ఒకమారు ఎందుకు ఓడినదో తెలియకుండా రెండవమారు ఎలా గెలుస్తుంది?

నేటి లెక్క

విద్యార్థులు తామే చేయగల లెక్క ఒకటి చూద్దాం. 34 పాళ్ల అమోనియాలో 6 పాళ్లు ఉదజని. అనగా టన్ను అమోనియాకు సుమారు 176 కిలోల ఉదజని కావాలి. కిలో ఉదజనిని నీటినుండి తీయడానికి ఆచరణలో 50 యూనిట్లకు తక్కువ కాదు. గాలినుండి నత్రజనిని వేరుచేయడానికి, వాయువులను నొక్కడానికి అయ్యేదానిని కూడా కలిపితే, టన్నుకు సుమారు 10,000 యూనిట్లు. ఇది విద్యుచ్చాపానికి పట్టినదానిలో ఐదవ వంతు మాత్రమే. అయినా యూనిట్టుకు ఒక్క రూపాయి పెరిగితే టన్ను అమోనియాకు పదివేల రూపాయలు పెరుగుతవి.

2025 జులైలో భారత ప్రభుత్వపక్షాన జరిగిన హరిత అమోనియా వేలంలో కిలోకు 55 రూపాయల 75 పైసల ధర వచ్చినది. రైతు కొనే 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అనగా 20.7 కిలోల నత్రజని ఉంటుంది. దానికి 25 కిలోల అమోనియా కావాలి. పై ధర చొప్పున అమోనియాకే దాదాపు 1,400 రూపాయలు. రైతు బస్తాకు ఇచ్చే ధర 266 రూపాయల 50 పైసలు. సహజవాయువుతో చేసిన బస్తా అసలు ఖర్చు కూడా దీనికి ఎన్నో రెట్లే. మిగిలినది ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తున్నది. కాబట్టి ఎరువు హరితమైనదా కాదా అన్న ప్రశ్నతోపాటు, తేడా ఎవరు భరిస్తారన్న ప్రశ్నను కూడా అడగాలి. అయితే సహజవాయువు ధర ఎల్లకాలం ఒకే తీరున ఉండదు. మన యూరియా కార్ఖానాలు వాడే వాయువులో అధికభాగం ఓడలలో దిగుమతి అయ్యేదే. 2022లో ఆ ధర మండిపోయినప్పుడు యూరప్‌లో అనేక అమోనియా కార్ఖానాలు ఉత్పత్తి తగ్గించినవి, కొన్ని ఆపివేసినవి. సూర్యుడు ధర పెంచడు. ఈ రెండు మాటలూ తక్కెడలో ఉండాలి.

క్రూక్స్ ఎదుర్కోని చిక్కు మరొకటి ఉన్నది. జలపాతం రాత్రీపగలూ పడుతుంది, సూర్యరశ్మి పగలే ఉంటుంది. అమోనియా కార్ఖానాను మాటిమాటికి ఆర్పి వెలిగించడం కష్టం. అందువల్ల ఉదజనినో, విద్యుత్తునో నిలవచేయాలి. సూర్యవిద్యుత్తు చౌక అని చెప్పేవారు ఈ నిలవ ఖర్చును కూడా కలిపి చెప్పాలి.

యూరియా ముడి

ఇక ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి. యూరియాలో నత్రజనితోపాటు కర్బనం కూడా ఉన్నది. టన్ను యూరియా కట్టడానికి అమోనియాతో సుమారు 730 కిలోల బొగ్గుపులుసు వాయువు కలవాలి. సహజవాయువు కార్ఖానాలో అది చేతికందే దూరంలోనే పుడుతుంది. నీటినుండి ఉదజనిని తీసే కార్ఖానాలో అది పుట్టదు. పొలంలో చల్లిన తరువాత ఆ వాయువు తిరిగి గాలిలోకే పోతుంది. కాబట్టి హరిత అమోనియా వచ్చినంతమాత్రాన హరిత యూరియా రాదు. నంగల్‌లో మొదట యూరియా కాక కాల్షియం అమ్మోనియం నైట్రేటు చేసినదీ ఇందుకు తగినట్లే ఉన్నది. ఏటా సుమారు 350 లక్షల టన్నుల యూరియా వాడే మన దేశంలో, కార్ఖానా మారితే చాలదు. రైతు చేతిలోని ఎరువు కూడా మారవలసి రావచ్చును. ఈ మాట ప్రచార వ్యాసాలలో అరుదుగా కనబడుతుంది.

ఎవరి అన్నం?

ప్రసంగంలో మనకు మింగుడుపడని భాగం కూడా ఉన్నది. క్రూక్స్ లెక్కించినది గోధుమ తినేవారిని మాత్రమే. వరి, జొన్న వంటి ధాన్యాలు తినే జాతులు సంఖ్యలో అధికమైనా ప్రగతిలో వెనుకబడినవని ఆయన అభిప్రాయం. గోధుమ కరువైతే, రొట్టె ముఖ్యాహారం కాని జాతులు తెల్లజాతిని లోకంనుండి నెట్టివేస్తవని కూడా భయపడ్డారు. ఈ ప్రసంగానికి ఏడాది ముందే, 1896-97లో, భారతదేశం ఘోరమైన కరువుతో విలవిలలాడినది. నేటి రాయలసీమ జిల్లాలు కూడా ఆ కరువులో ఉన్నవి. లోకపు ఆకలిని గురించి మాట్లాడిన ఒక మహాశాస్త్రజ్ఞుడికి, అప్పటికే ఆకలిగొన్నవారు లెక్కలోకి రాలేదు. కాలం అటువంటిదని కొందరు సమర్థించవచ్చును. కాని కొలతలో పక్షపాతం ఉంటే ఫలితంలోనూ ఉంటుంది. ఇది నీతికే కాదు, శాస్త్రానికీ సంబంధించిన తప్పు.

ఈ విమర్శ చరిత్రకు మాత్రమే పరిమితం కాదు. 1992నుండి సహజవాయువుతో యూరియా చేసిన కాకినాడ కార్ఖానా ప్రాంగణంలో, ఏటా పది లక్షల టన్నుల హరిత అమోనియా చేసే పథకానికి పెట్టుబడి నిర్ణయం 2024లో ప్రకటితమైనది. యూరప్ కొనుగోలుదారులతో ఒప్పందాలకు ప్రయత్నాలు సాగినవి. విదేశాలకు అమ్మడం తప్పు కాదు. హెచ్చు ధర ఇచ్చేవారు ముందు కొంటేనే పరిశ్రమ నిలదొక్కుకుంటుందన్న వాదంలో బలమున్నది. అయినా గోదావరి ప్రక్కన తయారయ్యే ఎరువు ముడిసరుకు గోదావరి మాగాణులకు ఎప్పుడు చేరుతుందన్న ప్రశ్న కూడా పథకంతోపాటే వ్రాసి ఉండాలి.

మరచిన పుటలు

విచిత్రమేమంటే, ఈ ప్రసంగంలో అన్నిటికంటె నిలిచే పుటలు, క్రూక్స్ త్వరత్వరగా దాటిపోయినవే. కాయధాన్యపు మొక్కల వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి నత్రజనిని తీసుకుంటవని ఆయన ప్రస్తావించారు. బ్రిటన్ ఏటా కోటి అరవై లక్షల పౌనుల విలువైన నత్రజనిని మురుగునీటితో సముద్రంలో కలుపుతున్నదని వాపోయారు. ఆ రెండు మాటలూ చెప్పి, తిరిగి విద్యుచ్చాపం దగ్గరకు వచ్చారు.

మన రైతుకు ఈ పుటలు పరాయివి కావు. వరి నాట్లకు ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతదశలో కలియదున్నడం మనకు ఉన్న ఆచారమే. వరిమళ్లలో నీలిఆకుపచ్చ నాచు నత్రజనిని స్థిరీకరిస్తుందని 1939లో పి.కె. డే నిరూపించారు. క్రూక్స్ తక్కువగా చూసిన వరిపొలమే, నిప్పులేకుండా ఎరువు చేసే ఒక చిన్న కార్ఖానా అన్నమాట. దీనితోనే నేటి జనాభాకంతటికీ అన్నం పెట్టగలమనుకోవడం పొరపాటు. పచ్చిరొట్టకు నేల కావాలి, నీరు కావాలి, కొన్ని వారాల కాలం కావాలి. కాని అక్కడ దక్కిన ప్రతి కిలో నత్రజనికి 12 యూనిట్ల విద్యుత్తు మిగులుతుంది. చల్లిన యూరియాలో గాలికి, నీటికి పోయే భాగాన్ని తగ్గించినా అంతే లాభం. చౌకైన హరిత ఎరువు, వృథా కాకుండా మిగిలిన ఎరువే.

మొత్తంమీద క్రూక్స్ ప్రసంగం తప్పులున్న గొప్ప రచన. సంవత్సరం తప్పినది, మార్గం తప్పినది, మనుషుల లెక్క తప్పినది. శక్తి ధరే కీలకమన్న మాట తప్పలేదు. రసాయనశాస్త్రోపాధ్యాయులు హేబర్ పద్ధతి చెప్పే దినాన, సమీకరణం నల్లబల్లమీద వ్రాసిన తరువాత మూడు ప్రశ్నలు చేరిస్తే బాగుంటుంది. ఈ ఉదజని ఎక్కడిది? దానిని విడదీసిన శక్తి ఏ ధరకు వచ్చినది? ఈ ఎరువుతో పండే అన్నం ఎవరిది? ఈ మూడింటికీ సమాధానం చెప్పగల పథకాన్ని మాత్రమే మనం నమ్మవచ్చును.